అద్దం కోసం చేసిన గడియారం

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి కొత్త సెలూను తెరుస్తారు. ఇంటి కోడలు తను చేసిన గోడగడియారం పట్టుకుని ముందుగా వెళ్ళి అక్కడ తగిలిస్తుంది. మామగారు పదింటికి ఠంచనుగా వెళ్ళి మొదటి కుర్చీలో కూర్చుని క్షవరం చేయించుకుంటారు. క్షవరం పూర్తయ్యేదాకా ఆ గడియారం సరిగ్గా నడిచిందని ఆయన ఒప్పుకుంటే ఇంటి ముందుగది శాశ్వతంగా కోడలిది. ఒప్పుకోకపోతే ఆదివారంలోగా ఆమె తన రంపాలూ రంగుడబ్బాలూ సర్దుకుని గది ఖాళీ చెయ్యాలి. అక్కడ ఆయన పడక్కుర్చీ వేసుకుంటారు. ఇందులో చెడిపోవడానికి ఏముంది అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ ఇంట్లో ఒక కొడుకున్నాడని తెలియనివాళ్ళకి అలాగే అనిపిస్తుంది మరి.

ముందుగది తగాదా ఇవాళ్టిది కాదు. కోడలు ఆఫీసు ఉద్యోగం మానేసి పాతకాలపు తరహా గోడగడియారాలు తయారుచెయ్యడం మొదలుపెట్టిన నాటిది. ఆమె చెక్కని గుండ్రంగా కోసి ఒక రంగు వేస్తుంది. అది ఆరాక కొవ్వొత్తి రుద్ది, దానిమీద ఇంకో రంగు వేస్తుంది. అదీ ఆరాక గరుకు కాగితంతో గీకితే కొవ్వొత్తి తగిలినచోటల్లా పైరంగు పెచ్చులుగా ఊడి కింది రంగు బయటపడుతుంది. ఆ పైన అంకెల పలకకి కాస్త టీ డికాక్షన్ పట్టిస్తే, మొన్న పుట్టిన గడియారం కాస్తా తాతముత్తాతల నాటిదైపోతుంది. చుట్టూ చెక్క కిరణాలు పొడుచుకొచ్చినవి, గ్రామఫోను రికార్డు మీద ముళ్ళు బిగించినవి, టైపు మిషను మీటలే అంకెలుగా అతికించినవి, ఇలా రకరకాలుగా చేస్తుంది. చూసినవాళ్ళు ముచ్చటపడి కొనేవాళ్ళు. మామగారికి మాత్రం ఒళ్ళు మండేది.

"కొత్తదాన్ని ముసలిదాన్ని చెయ్యడం కూడా ఒక విద్యేనా అమ్మా? నన్ను చూడు, పైసా ఖర్చు లేకుండా ముసలాణ్ణయ్యాను" అనేవారు.

ఆయన మంట ఆయనకుంది. పెద్ద మిల్లులో టైమాఫీసు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. గేటు పక్క కిటికీలో కూర్చుని ఎవరెన్నింటికి లోపలికి అడుగుపెట్టారో రాసుకోవడం ఆయన ఉద్యోగం. ఆలస్యంగా వచ్చినవాడు తన చేతి గడియారం చూపించి, "ఇంకా రెండు నిమిషాలుంది సార్" అని బతిమాలితే, ఆయన తల కూడా తిప్పకుండా వెనక గోడ చూపించేవారు. "గోడ గడియారం చెప్పేది టైము. చేతి గడియారం చెప్పేది నీ అభిప్రాయం" అనేవారు. రిటైరయ్యాక మిల్లు పోయింది కానీ ఈ సిద్ధాంతం పోలేదు. వంటింట్లో తెల్లటి ప్లాస్టిక్ గడియారం ఒకటి తగిలించి, రోజూ సాయంత్రం రేడియో వార్తల వేళకి దాన్ని సరిచూసేవారు. తన చేతి గడియారాన్ని దాని కిందే మేకుకి వేలాడదీసేవారు. పొద్దున వాకింగు నుంచి వచ్చి, గోడ గడియారం ప్రకారం దాన్ని దిద్ది, అప్పుడు చేతికి పెట్టుకునేవారు. సెల్‌ఫోన్లో టైము చూడటమంటే ఆయన దృష్టిలో దారినపోయేవాణ్ణి అడగటంతో సమానం.

ఇక ముందుగదిలో అమ్మకానికి పద్నాలుగు గడియారాలు. ఒక్కటీ నడవదు. అన్నిటికీ బ్యాటరీలు తీసేసి, ముళ్ళు పదీ పది దగ్గర ఆపి పెట్టేది కోడలు. అలా ఉంటేనే గడియారం ముఖం కళగా ఉంటుందని ఆమె లెక్క.

"పద్నాలుగు గడియారాలున్న ఇల్లు. టైము కావాలంటే వంటింట్లోకి పరిగెత్తాలి!" అని మామగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. ఆ గదిలో కిటికీ పక్కన పడక్కుర్చీ వేసుకుని వీధి చూస్తూ పేపరు చదువుకోవాలని ఆయన కోరిక. ఆ కిటికీ వెలుగు లేకపోతే ఆమెకి చెయ్యి ఆడదు. గది పోతే పని పోయినట్టే. ఆ పని కోసం నెల జీతాన్ని వదులుకుని వచ్చిన మనిషికి అదేమంత చిన్న విషయం కాదు.

అలాంటి సమయంలో, మామగారికి ఏళ్ళ తరబడి క్షవరం చేస్తున్న సెలూను యజమాని కొత్త షాపు పెట్టుకున్నాడు. తోలు కుర్చీలు, ఇత్తడి కుళాయిలు, అన్నీ పాతకాలం పద్ధతి. గడియారం కోడలికి పురమాయించాడు. మొదటి కుర్చీ పెద్దాయనకే అన్నాడు. పందెం అక్కడ పుట్టింది.

ఆ గడియారానికి ఆమె బుర్ర పెట్టింది. సెలూన్లో కూర్చున్నవాడికి మెడ తిప్పే స్వేచ్ఛ ఉండదు, ఎదురుగా అద్దం తప్ప ఇంకోటి కనిపించదు. వెనక గోడ మీది గడియారం అద్దంలో తిరగబడి కనిపిస్తుంది. అందుకని ఆమె గడియారాన్నే ముందుగా తిరగేసింది. ఇత్తడి రేకులో కోసిన అంకెల్ని వెనక్కి తిప్పి, ఒకటి ఉండాల్సినచోట పదకొండు, రెండు ఉండాల్సినచోట పది అతికించింది. వెనక్కి నడిచే మెషీను ఒకటి ప్రత్యేకంగా తెప్పించి బిగించింది. నేరుగా చూస్తే మతిపోతుంది. అద్దంలో చూస్తే ముత్యంలా ఉంటుంది. ఇదంతా భోజనాల దగ్గర మొగుడికి పూసగుచ్చినట్టు చెప్పింది. అతగాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఆఁ... ఆఁ... భలే!" అన్నాడు.

ఆ మొగుడే ఆ ఇంటి కొడుకు. మనిషి బంగారం. అతడికున్న జబ్బల్లా చేతుల దురద. ఏ వస్తువైనా కాస్త తేడాగా కనబడితే చాలు, స్క్రూడ్రైవరు పట్టుకుని బయల్దేరతాడు. హాల్లో ఫ్యాను అతడు బాగుచేసిన తర్వాత ఒకే వేగంతో తిరుగుతోంది, అది కూడా పేపరు ఎగిరిపోయే వేగంతో. కోడలు తన కొత్త మెషీన్లున్న సొరుగుకి తాళం వేసుకునేది దొంగల భయంతో కాదు.

ఆ రోజు ఆరింటికి మామగారు వాకింగుకి వెళ్ళారు. కాసేపటికి కొడుకు నిద్రలేచి, భార్య ఇన్నాళ్ళు పడ్డ కష్టం ఒకసారి కళ్ళారా చూద్దామని ముందుగదిలోకి వెళ్ళాడు. బల్ల మీద గడియారం. అంకెలన్నీ తిరగబడి ఉన్నాయి. పన్నెండు తర్వాత పదకొండు ఉంది. ముల్లు చూస్తే వెనక్కి వెళుతోంది.

"అయ్యో పిచ్చిదానా! ఎంత పని చేశావే" అనుకున్నాడు.

నిద్రలేపి చెబితే ఆమె కుప్పకూలిపోతుంది. చెప్పకపోతే మామగారి ముందు పరువు పోతుంది, గది పోతుంది. భార్య మీద అతడికి ఎప్పుడూ ఉండే ప్రేమ ఆ క్షణంలో పొంగుకొచ్చింది. ప్రేమ పొంగినప్పుడల్లా అతడి చెయ్యి స్క్రూడ్రైవరు మీదికే వెళుతుంది. చడీచప్పుడు లేకుండా కూర్చుని అంకెల్ని ఒక్కొక్కటే ఊడదీసి, తిరగేసి, వాటి వాటి స్థానాల్లో పద్ధతిగా అతికించాడు. ఇత్తడి రేకులు కాబట్టి రెండువైపులా ఒకేలా మెరుస్తున్నాయి. ఇక మెషీను. వెనక్కి నడిచే మెషీనంటే చెడిపోయిన మెషీనే, అందులో అనుమానం ఏముంది? మంచి మెషీన్లు సొరుగులో ఉన్నాయి, తాళంచెవి భార్య దిండు కింద ఉంది. నాలుగు వైపులా చూసి వంటింట్లోకి నడిచాడు. గోడ గడియారం దించి దాని మెషీను తీసి ఇందులో పెట్టాడు. ఈ చెడిపోయినదాన్ని అందులో బిగించి, సరిగ్గా ఆరున్నరకి టైము కలిపి మళ్ళీ గోడకి తగిలించాడు.

"సాయంత్రం కొత్తది కొనుక్కొచ్చి వేస్తే సరిపోతుంది. ఒక్క పూటకి ఏమవుతుందిలే" అనుకున్నాడు.

తర్వాత సెలూను గడియారాన్ని గుడ్డలో చుట్టి, పైన అట్టలు పెట్టి, తాడుతో ముడుల మీద ముడులు వేశాడు. భార్య లేచి వచ్చి చూసి నిలబడిపోయింది.

"మీరే ప్యాక్ చేశారా?"

"ఆఁ. మధ్యలో విప్పకు. నేనే వచ్చి గోడకి తగిలిస్తాను. ఆఫీసుకి సెలవు పెట్టాను."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మనిషి వస్తువులు విప్పగా చూసింది కానీ కట్టగా చూడటం అదే మొదలు.

వాళ్ళిద్దరూ స్నానాల హడావిడిలో ఉండగా ఏడింటికి మామగారు వాకింగు నుంచి వచ్చారు. అలవాటు ప్రకారం వంటింట్లోకి వెళ్ళి తల ఎత్తి చూశారు. ఆరు గంటలు.

ఆయన బయల్దేరినప్పుడు ఆరు. తిరిగొచ్చాక కూడా ఆరే. కాసేపు ఆలోచించి, పొద్దున నిద్రమత్తులో ఐదుని ఆరనుకుని ఉంటానని తేల్చుకున్నారు. మేకుకున్న చేతి గడియారం తీస్తే అది ఏడు చూపిస్తోంది. "చూశావా దీని పొగరు" అని దాన్ని గంట వెనక్కి తిప్పి చేతికి పెట్టుకున్నారు.

పొయ్యి దగ్గరున్న అత్తగారు, "టీ ఇమ్మంటారా?" అనడిగింది.

"వాకింగు నుంచి వచ్చాక ఇద్దువు గానీ."

"ఇప్పుడే కదండీ వచ్చారు!"

"అది ఐదింటి వాకింగు, లెక్కలోకి రాదు. ఆరింటి వాకింగుకి వెళ్ళొద్దూ?" అని మళ్ళీ వెళ్ళిపోయారు.

రెండోసారి తిరిగొచ్చేసరికి కాళ్ళు పీకుతున్నాయి. కొడుకూ కోడలూ అప్పటికే గడియారంతో సెలూనుకి వెళ్ళిపోయారు. గోడ మీద ఐదు గంటలు. చేతి మీద ఏడు. ఇంకెవరైనా అయితే రెండో పూట నడక తర్వాత గోడని అనుమానించేవారు. మామగారు ఉద్యోగకాలమంతా ఎవరి చేతి గడియారాన్నీ నమ్మలేదు, ఇప్పుడు సొంతదాన్ని మాత్రం ఎలా నమ్ముతారు? దాన్ని ఐదుకి తిప్పేశారు.

"ఏమండీ, ఎండ వంటింట్లోకి వచ్చేసింది. ఐదేమిటి?" అంది అత్తగారు.

"ఎండ దాని ఇష్టం. సూర్యుడికి టైమాఫీసు లేదు. నాకు ఒంట్లో ఏదో తేడాగా ఉంది, నిద్రలో లేచి తిరుగుతున్నట్టున్నాను. ఆరింటిదాకా పడుకుంటాను."

"సెలూనుకి వెళ్ళాలిగా?"

"పదింటికి కదా! ఇంకా ఐదు గంటలుంది."

పెళ్ళైన మొదటి వారంలోనే టైము విషయంలో ఆయనతో వాదించడం మానేసిన ఇల్లాలు కాబట్టి అత్తగారు మారుమాట్లాడకుండా కిటికీ తెరలు వేసింది. మామగారు దుప్పటి కప్పుకుని పడుకుని, గుమ్మంలోంచి కనిపిస్తున్న గోడ గడియారం వైపు ఆరెప్పుడవుతుందా అని చూస్తూ కునుకు తీశారు. ఒకసారి కళ్ళు తెరిస్తే నాలుగున్నర అయింది. గట్టిగా మూసుకున్నారు.

సెలూన్లో పదయింది. వచ్చినవాళ్ళు నిలబడి ఉన్నారు. గడియారం వెనక గోడ మీద ఎర్ర గుడ్డ కప్పుకుని ఉంది. కొడుకు తనే స్టూలెక్కి, గుడ్డ కిందే కట్లు విప్పి, ఎవరికీ ముఖం కనబడనివ్వకుండా తగిలించాడు. మొదటి కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆయన వచ్చే వేళని బట్టి నేను నా షాపు గడియారం సరిచేసుకునేవాణ్ణమ్మా. అలాంటిది పది దాటిపోయిందేంటి?" అన్నాడు సెలూను యజమాని.

కోడలు కంగారుగా ఇంటికి ఫోను చేసింది.

"మామయ్యగారు బయల్దేరారా అత్తయ్యా?"

"ఆయన నిద్రపోతున్నారమ్మా."

"ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది. ఇంకా మూడే అయిందట."

"మూడేంటి?"

"తెల్లవారుజామున మూడు" అంది అత్తగారు, తనకేం సంబంధం లేదన్నట్టు.

పక్కనే చెవి పెట్టి వింటున్న కొడుకు ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఒక్క పూటకి ఏమవుతుందో అతడికి అప్పుడు అర్థమైంది. "నేను వెళ్ళి తీసుకొస్తా" అంటూ పరుగెత్తాడు.

ఇంటికి రాగానే ముందు వంటింట్లో దూరి, ఎవరూ చూడకుండా గడియారంలోంచి బ్యాటరీ పీకేశాడు. తర్వాత తండ్రిని తట్టి లేపాడు.

"నాన్నా, లేవండి. గోడ గడియారం ఆగిపోయింది. టైము పదిన్నర."

మామగారు లేచి కూర్చున్నారు. పదిన్నర అన్నమాట ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. అంతలోనే ఏదో తట్టి ఆగారు.

"ఆగిపోతే ఒక్కచోటే ఉండాలి కదరా? నాకు ఆరు కనబడింది. తర్వాత ఐదు కనబడింది. తర్వాత నాలుగున్నర."

ఇక్కడ కొడుకు నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అతడు మాత్రం, "మీకలా అనిపించి ఉంటుంది నాన్నా" అన్నాడు.

మామగారు చొక్కా గుండీలు పెట్టుకుని బయల్దేరారు. దారిపొడుగునా కొడుకు పక్కన నడుస్తూ ఎవరి ముఖమూ చూడలేదు. బతుకులో మొదటిసారి ఆలస్యం కావడం ఒక ఎత్తు. లేని అంకెలు కళ్ళకి కనబడటం ఇంకో ఎత్తు. ఆయనకి నిజంగానే భయం వేసింది.

సెలూన్లో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. యజమాని మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టి, కళ్ళజోడు తీసి అరలో పెట్టాడు. కోడలు వెళ్ళి ఎర్రగుడ్డ లాగింది. చప్పట్లు మోగాయి. గోధుమరంగు కింద నీలం తొంగిచూసే చెక్క, టీ మరకల పలక, ఇత్తడి అంకెలు, అంతా దివ్యంగా ఉంది. అంకెలు సరిగ్గా ఉండటం ఒక్కటే దానికి వచ్చిన లోపం. కోడలి చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

కొడుకు పక్కకి వచ్చి చెవిలో, "కంగారుపడకు. పొద్దున్నే సరిచేసేశాను. ఎవరూ కనిపెట్టలేదు" అన్నాడు గర్వంగా.

"ఏం సరిచేశారు?"

"అంకెలన్నీ తిరగబడి ఉన్నాయి కదా. మెషీను కూడా వెనక్కి నడుస్తోంది."

"అది అద్దం కోసం చేసిందండీ!"

"ఏ అద్దం?"

ఆమె అతడి గడ్డం పట్టుకుని అద్దం వైపు తిప్పింది. అద్దంలో గడియారం తలకిందుల వ్యవహారంలా ఉంది. అతడు కళ్ళు తేలేశాడు.

"నాకు చెప్పొచ్చు కదా!"

"చెప్పాను. భలే అన్నారు!"

"అది... ఫోన్లో ఎవడో వాషింగ్ మిషను విప్పుతుంటే అన్నాను."

"ఆ మెషీను ఏం చేశారు?"

"వంటింటి గడియారంలో పెట్టాను."

కోడలికి తెల్లవారుజామున మూడు గంటల రహస్యం వీడిపోయింది. అవతల యజమాని కత్తెర ఆడిస్తూ అద్దంలోకి చూసి, కనుబొమలు ముడిచి, "అమ్మా, మనం అనుకున్నదీ..." అని మొదలుపెట్టాడు. ఆమె రెండు చేతులూ జోడించి ఆగమన్నట్టు సైగ చేసింది. పాపం మంచివాడు, ఆగాడు.

కుర్చీలో మామగారికి కళ్ళజోడు లేదు. అంకెలు అలుక్కుపోయి ముళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. వాటి లెక్క చూస్తే ఒంటిగంటా పది. కొడుకు పదిన్నర అన్నాడే! సరే, ఏది ఏమైనా గోడ గడియారం గోడ గడియారమే అనుకున్నారు. కాసేపాగి చూశారు. ఒంటిగంట. కళ్ళు మూసుకుని, లోపల ఊపిరి లెక్కపెట్టుకుని, మళ్ళీ తెరిచారు. ఒంటిగంట కావడానికి పది నిమిషాలుంది.

ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"ఉక్కగా ఉందా సార్? ఫ్యాను పెంచమంటారా?" అన్నాడు యజమాని.

"వద్దు. టైమెంతయింది?" అని మెల్లగా అడిగారు.

యజమాని వెనక్కి తిరిగి గోడ చూసి, "పదకొండూ పది" అన్నాడు.

అందరికీ పదకొండూ పది. తనొక్కడికే పన్నెండూ యాభై, అదీ వెనక్కి పోతూ. తన వీధిలో ఎవరికి టైములో అనుమానం వచ్చినా తన గుమ్మం ముందే ఆగేవారు. ఉద్యోగం పోయాక ఆయనకి మిగిలిన పరువల్లా అదొక్కటే. టైమాఫీసాయనకి టైము తెలియడం లేదట అని నలుగురూ అనుకుంటే ఇక ఆ వీధిలో తలెత్తుకుని తిరిగేదెలా?

క్షవరం అయింది. యజమాని చిన్న అద్దం పట్టుకుని మెడ వెనక చూపించబోతే ఆయన చూడలేదు. కళ్ళజోడు పెట్టుకుంటూ అద్దం వైపు వీపు తిప్పి లేచి, నేరుగా గోడ వైపు చూశారు. పదకొండుంపావు. అంతా సవ్యంగా ఉంది. గడియారంలో ఏ లోపమూ లేదు, ఉన్నదంతా తన బుర్రలోనే అని ఆయనకి ఖాయమైపోయింది.

అందరూ తీర్పు కోసం చూస్తున్నారు. కోడలు ఓడిపోయాననుకుంది. అయినా తప్పు చూపిన గడియారాన్ని మంచిదని చెప్పి ఒప్పించడం ఆమెకి చేతకాని పని. "మామయ్యగారూ, ఇందులో ఒక పొరపాటు జరిగింది..." అంటూ ముందుకొచ్చింది.

మామగారు చెయ్యెత్తి ఆపారు.

"పొరపాటా? బ్రహ్మాండంగా నడుస్తోంది. ఒక్క నిమిషం తేడా లేదు. నేను మొదట్నుంచీ చూస్తూనే ఉన్నాను" అన్నారు గట్టిగా, బయట వీధిలోకి కూడా వినబడేలా. "ముందుగది నీదేనమ్మా!"

మళ్ళీ చప్పట్లు మోగాయి. యజమాని కత్తెర పట్టుకుని నోరు తెరుచుకుని ఉండిపోయాడు. కొడుకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. భార్య చూసిన చూపుకి మధ్యలో ఆపేశాడు.

ఆ సాయంత్రమే ఆమె మెషీన్లు మార్చి, అంకెలు తిరగేసి, సెలూను గడియారాన్ని మళ్ళీ తను చేసినట్టే చేసింది. యజమాని అద్దంలో చూసుకుని మురిసిపోయి, రెండో షాపుకి కూడా అలాంటిదే చెయ్యమన్నాడు. వంటింటి గడియారం బుద్ధిగా ముందుకి నడవసాగింది. అన్నీ సర్దుకున్నాయి, ఒక్క మామగారు తప్ప. భోజనం దగ్గర నాలుగు ముద్దలు తిని లేచిపోయారు. గడియారం కింద నుంచి వెళ్ళాల్సి వస్తే తల దించుకుని వెళుతున్నారు. కోడలు ఆ మనిషినే చూస్తూ ఉంది. గది పోతే పోయింది, ఇది భరించలేననుకుంది. మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చి తండ్రి ముందు నిలబెట్టింది.

అతగాడు అన్నీ ఒప్పుకున్నాడు. తిరగేసిన అంకెలు, మార్చిన మెషీను, పీకిన బ్యాటరీ, ఏదీ దాచలేదు. మామగారు ఓపిగ్గా విన్నారు.

"అయిపోయిందా?"

"అయిపోయింది నాన్నా. తప్పంతా నాదే."

మామగారి కళ్ళు చెమర్చాయి. "ముసలాణ్ణి ఓదార్చడానికి మొగుడూ పెళ్ళాలు కూర్చుని ఎంత కథ అల్లారమ్మా! వెనక్కి నడిచే గడియారమట! మతి ఉన్నవాడెవడైనా చేస్తాడా, మతి ఉన్నవాడెవడైనా కొంటాడా?"

"నిజం మామయ్యగారూ! అద్దం తెస్తాను, మీరే చూడండి" అని ఆమె పరుగున వెళ్ళి అద్దం తెచ్చింది. ఆయన రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నారు.

"వద్దమ్మా. మళ్ళీ ఆ పరీక్ష పెట్టకు. నేను నమ్మానులే" అన్నారు, నమ్మనివాళ్ళు అనే పద్ధతిలో. కళ్ళు మూసుకునే, "నాకు ఒక్క కోరికుంది, కాదనకు. నీ గదిలో పద్నాలుగు గడియారాలున్నాయి. అన్నిటికీ బ్యాటరీలు వెయ్యి. నేనొక మూల కూర్చుంటాను. ఒక్క గడియారమైతే నా కళ్ళు మోసం చేస్తాయి కానీ పద్నాలుగూ ఒకే మాట చెబితే నాకు ధైర్యంగా ఉంటుంది. నీ పనికి అడ్డం రాను" అన్నారు.

కన్నీళ్ళు పెట్టుకున్న పెద్దమనిషిని ఎవరు మాత్రం కాదంటారు? మర్నాడు గదిలో మూలకి పడక్కుర్చీ వచ్చింది. మూల చీకటిగా ఉంటే ముళ్ళు కనబడటం లేదన్నారు, కుర్చీ కిటికీ పక్కకి జరిగింది, ఆమె బల్ల గుమ్మం వైపు పోయింది. రంపంపొట్టుకి దగ్గొస్తోందన్నారు, రంపం పెరట్లోకి వెళ్ళింది. రంగు వాసనకి తల తిరుగుతోందన్నారు. అసలే బుర్ర సరిగా లేని మనిషి, రంగుడబ్బాలు వంటింట్లోకి చేరాయి. ఆ వెనకే బల్ల కూడా వెళ్ళిపోయింది. అత్తగారు కూరగాయలు తరిగే చోటు పక్కనే ఇప్పుడు కోడలు కొవ్వొత్తి రుద్దుతోంది.

తర్వాత మళ్ళీ జుట్టు పెరిగి మామగారు భయపడుతూనే సెలూనుకి వెళ్ళారు. కుర్చీలో కూర్చుని, ఈసారి కళ్ళజోడు తియ్యనివ్వకుండా, ధైర్యం చేసి అద్దంలోకి చూశారు. అంకెలు వరసగా ఉన్నాయి. ముళ్ళు ముందుకే నడుస్తున్నాయి. టైము సరిగ్గా ఉంది. ఆనందం పట్టలేక, వెనక్కి తిరిగి గోడ వైపు చూడాలన్న ఆలోచన కూడా లేకుండా ఇంటికి వచ్చేశారు.

"నయమైపోయిందమ్మా! అద్దంలో టైము స్పష్టంగా కనబడింది!"

"అద్దంలో కనబడాలనే కదా మామయ్యగారూ దాన్ని అలా చేసింది" అంది కోడలు నీరసంగా.

"అంతా ఈ గది చలవ. ఈ పద్నాలుగింటి మధ్యా కూర్చోబట్టే కుదిరింది. ఇప్పుడు మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది" అంటూ ఆయన పడక్కుర్చీలో వాలి పేపరు తెరిచారు.

గడియారాలు కొనడానికి వచ్చినవాళ్ళు తలుపు దగ్గర నిలబడి, మీ గది భలేగా ఉందండీ అంటే, ఆయన కుర్చీలోంచి లేవకుండానే ఆ మాట సరిదిద్దుతారు.

"నాది కాదండీ, ఈ గది మా కోడలిది."